సంత వదిలి అరుగు మీదికి...

గండికోటకు ఆదివారం పొద్దున వెళ్లి చూడండి. కోట ద్వారం దాటి, మాధవరాయస్వామి గుడీ, మసీదూ, పాత ధాన్యాగారమూ చూసుకుంటూ బండల మీద నడిచి పెన్నా లోయ అంచుకు చేరితే ఒక సంగతి కనిపిస్తుంది. లోయను చూసేవాళ్ల కంటే లోయకు వీపు చూపించి నిలబడేవాళ్లే ఎక్కువ. వెనకాల కొన్ని వందల అడుగుల లోతు, ముందు చాచిన చేతిలో సెల్‌ఫోను. అక్కడిదాకా వచ్చిన అక్కచెల్లెళ్లు కొంగు సర్దుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, 'ఇంకొక్కటి తియ్యి, కళ్లు మూసుకున్నా' అంటూంటారు. చూసేవాళ్లకే కాళ్లు వణుకుతాయి.

ఇరవై ఏళ్ల కిందట గండికోట అంటే చరిత్ర చదివినవాళ్లకీ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకీ మాత్రమే తెలుసు. పెమ్మసాని నాయకుల కోట అని పెద్దవాళ్లు చెబితే విన్నాం. ఇప్పుడు బెంగళూరు పిల్లలకు, హైదరాబాదు పిల్లలకు అది 'ఇండియా గ్రాండ్ కేనియన్'. ఆ పేరును ఊరూరా మోసింది ఫోనే. 2024 నవంబరులో గండికోట అభివృద్ధికి కేంద్రం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసిందంటే ఆ ఫోటోల పుణ్యం కొంతైనా లేకపోలేదు. కాబట్టి సోషల్ మీడియాను ఆడిపోసుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దాంట్లోంచి చడీచప్పుడు లేకుండా లేచి వచ్చేస్తున్న ఆడవాళ్ల గురించి రాస్తున్నాను.

జమ్మలమడుగు వైపు నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నాకు తెలుసు. పేరు వద్దు. స్నేహితురాళ్లతో గండికోటకు వెళ్లి, బండ మీద కూర్చుని ఒక ఫోటో దిగింది. అందరూ చూసేలా పెట్టింది. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఎవడో ఆ ఫోటో ఎత్తుకెళ్లి తన పేజీలో పెట్టి, పైన ఒక పాడు మాట రాశాడు. ఇక కింద మొదలయ్యాయి. బట్టల మీద ఒకడు, కులం మీద ఇంకొకడు, 'అమ్మానాన్నలు ఏం పెంచారో' అని ఒక పెద్దమనిషి. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఆ పెద్దమనిషి మాటేనట. నాలుగో రోజుకు ఆ పేజీ వాళ్ల నాన్నతో పనిచేసే ఆయన ఫోనులోకి వచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఈ పేజీ చదివేవాళ్లకు నేను వివరించక్కర్లేదు.

ఆ అమ్మాయి ఖాతా మూసేసింది. ఫోను మాత్రం మూయలేదు. తరగతిలో పద్నాలుగు మంది ఆడపిల్లలు కలిసి ఒక చిన్న గ్రూపు పెట్టుకున్నారు. పాఠాలు, పరీక్షల తేదీలు, ఎవరింట్లో పెళ్లి, ఎవరికి జ్వరం, ఏ బస్సు ఎక్కవచ్చు, ఏ బస్సు ఎక్కకూడదు... ఇవీ కబుర్లు. "ఆడ వెయ్యి మంది చూసేవాళ్లక్కా. ఈడ పద్నాలుగు మందిమే. ఐనా ఈడనే ఎక్కువ మంది ఉండినట్టుంటాది" అంది. ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను.

ఆ పిల్ల ఒక్కతే కాదు

2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారాక, అది ఎక్స్ అయ్యాక, ప్రపంచంలో ఎంతోమంది అక్కడి నుంచి మూటాముల్లె సర్దుకున్నారు. 2024 నవంబరులో ఇంగ్లండులోని గార్డియన్ పత్రిక కూడా ఇకమీదట అక్కడ తమ అధికార ఖాతాల నుంచి ఏమీ రాయబోమని ప్రకటించింది. మన దేశంలో అంతకుముందే ఒక చిన్న వలస జరిగింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేస్తే, నిరసనగా చాలామంది మాస్టొడాన్ అనే చోటికి వెళ్లారు. కొన్నాళ్లకు చాలామంది తిరిగొచ్చేశారు కూడా. పుట్టింటికి అలిగి వెళ్లినట్టే అనుకోండి. కానీ దారి మాత్రం తెలిసింది.

ఆడవాళ్ల సంగతికొస్తే అలక కాదు, అలసట. అమ్నెస్టీ సంస్థ 2020 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. 2019 ఎన్నికల రోజుల్లో మన దేశంలోని 95 మంది మహిళా నాయకుల పేరెత్తి ట్విట్టర్‌లో రాసిన మాటలను పరిశీలిస్తే, ప్రతి ఏడింటిలో ఒకటి తిట్టుగానో, కించపరిచే మాటగానో తేలింది. వాళ్ల వెనక పార్టీలున్నాయి, అనుచరులున్నారు. మన పిల్లల వెనక ఎవరున్నారు? అమ్మ ఉంటుంది, ఆ అమ్మ కూడా ముందు 'నువ్వెందుకు పెట్టావే' అనే అడుగుతుంది.

నా సంగతీ చెబుతాను. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైనప్పుడు, కూలికి పోయే ఆడవాళ్లకు రోజుకు ఎంత మిగులుతుందో లెక్కవేసి నాలుగు ముక్కలు ఒక పెద్ద వేదిక మీద రాశాను. లెక్క తప్పని ఎవరూ అనలేదు. నేను ఏ పార్టీ మనిషినో, నాకు ఎంత ముట్టిందో, నా వయసెంతో మాత్రం అడిగారు. రెండు రోజులు జవాబులిచ్చాను. మూడో రోజు నా వంటింట్లో పప్పు మాడింది. అప్పుడు ఆపేశాను.

ఇంత గోల ఎందుకు?

జనం చెడిపోయారు అనేయడం సులువు. నేను ఒప్పుకోను. ఊళ్లో ఎదురుపడితే నమస్కారం పెట్టే మనిషే అక్కడ కారు కూతలు కూస్తున్నాడంటే ఆ చోటు కట్టిన తీరులో ఏదో ఉంది.

ఆ పెద్ద వేదికలు నడిచేది ప్రకటనల డబ్బుతో. మనం ఎంతసేపు అక్కడ కళ్లప్పగించి కూర్చుంటే వాళ్లకు అంత రాబడి. మరి మనిషిని కదలకుండా కూర్చోబెట్టేది ఏది? మంచి మాట చదివి 'బాగుంది' అనుకుని పక్కకు పోతాం. కోపం వస్తే పోము. జవాబు రాస్తాం, దానికి జవాబొస్తుంది, మళ్లీ తిరిగొస్తాం. 2021లో ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపడినప్పుడు ఒక వివరం తెలిసింది. ఏ మాటను ఎక్కువమందికి చూపించాలో లెక్కగట్టేటప్పుడు, మామూలు లైకు కంటే కోపంతో ఎర్రబడ్డ మొహం బొమ్మకు అయిదు రెట్లు విలువ ఇచ్చిన కాలం ఒకటుంది. 2017లో మొదలై, తర్వాత తగ్గిస్తూ వచ్చి, 2020లో సున్నా చేశారు. ఆ కాలంలో మన తగాదాలకు మామూలు లైకును మించిన ధర పలికిందన్న మాట! సంతలో ఏ సరుకుకు ధర ఎక్కువో ఆ సరుకే ఎక్కువ వస్తుంది, కాదూ?

ఆ కాగితాలలోనే ఇంకొకటి. తమ ఒంటిని చూసుకుని బాధపడే టీనేజీ ఆడపిల్లల్లో నూటికి 32 మంది, ఇన్‌స్టాగ్రామ్ చూశాక ఆ బాధ ఇంకా పెరిగిందని చెప్పారట. ఇది కంపెనీ సొంతంగా చేయించుకున్న విచారణలోనే తేలింది. వాళ్లకు తెలుసు. మనకు చెప్పలేదు, అంతే.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్లు నూటికి 21 మందే. మగవాళ్లు 48 మందికి పైనే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, ఆ లెక్కా పెరిగే ఉంటుంది. అయినా ఒక్క ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది ముందు ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియదా? అంత కష్టపడి ఫోను పట్టుకుని ఆ సంతలోకి వచ్చిన ఆడది, రాళ్లు పడితే వెనక్కి తిరిగి పోవలసిందేనా? అందుకే ఈ చిన్న అరుగుల సంగతి నాకు ముఖ్యమనిపించింది. వెనక్కి పోవడం కాకుండా పక్కకు పోయే దారి ఒకటి ఉందన్న మాట.

ఇదేం కొత్త కాదు

తెలుగు ఆడవాళ్లు ఈ పని చాలా ముందే చేశారు. 2000 దశకంలో, చేతిలో స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లో, తెలుగు బ్లాగులు మొదలయ్యాయి. కూడలి, జల్లెడ లాంటి చోట్లకు వెళితే ఎవరు ఏం రాశారో వరసగా కనిపించేది. పిల్లల్ని స్కూలుకు పంపి, వంట ముగించి, మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని రాసే గృహిణులు ఎంతమందో! అక్కడా కామెంట్ల గోల మొదలయింది. పేరు లేకుండా వచ్చి ఏదో ఒకటి అనేసి పోయే వీరులు అప్పుడూ ఉన్నారు. అప్పుడు ఆడవాళ్లు 'ప్రమదావనం' అని తమకంటూ ఒక చోటు ఏర్పాటు చేసుకున్నారు. కబుర్లతో మొదలై, చందాలు వేసుకుని అవసరంలో ఉన్నవాళ్లకు సాయం చేసే దాకా వెళ్లింది. తర్వాత ఫేస్‌బుక్ వచ్చాక రచయిత్రులు అందులోనే 'ప్రమదాక్షరి' అని కలిశారు. పెద్ద ఇంట్లోనే ఒక గది తీసుకుని తలుపు దగ్గరగా వేసుకున్నట్టు.

ఇంకా వెనక్కి పోదాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు ఎంతమంది? ఒక ఊరి వాళ్లే. అక్షరాలు దిద్దుతూ, పాఠంలో సారా సంగతి చదివి, మన బతుకూ ఇంతే కదా అని మాట్లాడుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందుకొచ్చారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ నిషేధం నిలవలేదు, అది వేరే కథ. కానీ ఆ మాటలు మొదట పుట్టింది లాంతరు చుట్టూ కూర్చున్న కొద్దిమందిలో. వెయ్యిమంది ఎదుట మైకు పెడితే ఆ తల్లులు తాగొచ్చిన మొగుడి సంగతి చెప్పేవాళ్లా?

పొదుపు సంఘం మాటకు రండి. పదిమందికి తగ్గకుండా, ఇరవైకి మించకుండా ఎందుకు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకరి ఇల్లు ఒకరికి తెలియాలి. అప్పు తీసుకున్నామె ఎందుకు కట్టలేకపోయిందో మిగతావాళ్లకు అర్థం కావాలి. సమావేశానికి రోజు ఉంటుంది, లీడరు ఉంటుంది, తీర్మానాల పుస్తకం ఉంటుంది, నోరు జారితే ఆపేవాళ్లుంటారు. ఇప్పుడు దేశదేశాల్లో 'ప్రశాంతమైన చిన్న వేదికలు' అని చెప్పుకుంటున్నవి ఇంచుమించు ఇవే. ఇంతమందికి మించి తీసుకోం, కొత్తవాళ్లు వస్తే ఒకరు పూచీ ఉండాలి, ఇవీ నియమాలు, తప్పితే బయటికి.

పైన చెప్పిన మాస్టొడాన్ కూడా మన సమాఖ్యల్లాంటిదే. 2016లో జర్మనీ కుర్రాడు ఒకడు మొదలుపెట్టాడు. దానికి ఒక్క యజమాని అంటూ లేడు. ఊరికో గ్రామ సమాఖ్య ఉండి, అవన్నీ మండల సమాఖ్యలో కలిసినట్టు, ఎక్కడికక్కడ చిన్న చిన్న సంఘాలు, ఒక్కోదానికి ఒక్కో నియమావళి. ఈ సంఘంలో ఉన్నవాళ్లు ఆ సంఘంలోని వాళ్లతో మాట్లాడుకోవచ్చు. ఒక సంఘం బూతుల పుట్ట అయితే మిగతావి దాంతో తెగతెంపులు చేసుకోవచ్చు. ప్రకటనల కోసం మనల్ని కూర్చోబెట్టే లెక్క లేదు. ఎవరు ఎప్పుడు రాస్తే ఆ వరసలోనే కనిపిస్తుంది. మన ఆడవాళ్లలో దాన్ని వాడేవాళ్లు ఎందరంటే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మనకు చిన్న అరుగు అంటే వాట్సాప్ గ్రూపే. అది కూడా ఫేస్‌బుక్ వాళ్లదే అని గుర్తుంచుకోండి. 2014లో కొనేశారు. సంత వదిలి అరుగు మీద కూర్చున్నాం అనుకుంటాం, అరుగు కూడా సంత షావుకారుదే!

చిన్నదైతే చల్లనిదేనా?

అక్కడే నాకు పేచీ. చిన్న గ్రూపు అనగానే అమ్మ ఒడి అనుకోకండి. మన కుటుంబాల గ్రూపులే తీసుకోండి. అత్తగారు, ఆడబిడ్డలు, మరుదులు, తోడికోడళ్లు అందరూ ఉన్న గ్రూపులో కొత్త కోడలు ఏం మాట్లాడుతుంది? పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం పెడుతుంది, పెట్టకపోతే మధ్యాహ్నానికి మాట వస్తుంది. బయటికి పోదామంటే 'ఫలానా ఆమె వెళ్లిపోయింది' అని అందరికీ కనపడుతుందే అన్న భయం. (2022 నుంచి నిర్వాహకులకు మాత్రమే తెలిసేలా మార్చారు లెండి. కానీ నిర్వాహకుడు మామగారైతే?) అది అరుగు కాదు, కాపలా.

కులం గ్రూపులున్నాయి. అక్కడా అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, మర్యాదగానే మాట్లాడుకుంటారు, పక్క కులం గురించి తప్ప. మూసిన తలుపుల వెనక పుకారు ఇంకా గట్టిగా పెరుగుతుంది. బయటివాళ్లు విని 'అది అబద్ధం' అనే వీలుండదు కదా. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని మన రెండు తెలుగు రాష్ట్రాల్లో తిరిగిన కబుర్లు గుర్తున్నాయా? కొత్త ముఖం కనిపిస్తే చాలు కొట్టారు. ఆ ఏడాది జూలైలోనే ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది. ఆ కబుర్లు నమ్మింది పెద్ద వేదిక చూసి కాదు. 'మా చిన్నమ్మ పంపింది, మా గ్రూపులో వచ్చింది' అని నమ్మారు.

ఇక నష్టం సంగతి. పెద్ద సంతలో గోల ఉంది కానీ, గిరాకీ కూడా అక్కడే ఉంది. ప్రొద్దుటూరులో ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుట్టి, బ్లౌజులకు మగ్గం పని చేసే ఒకావిడను అడిగాను. "నేను యాడికి పోయేదిమ్మా? ఆర్డర్లన్నీ ఆ వీడియోలు చూసే వస్తాండాయి. తిట్టేవాళ్లు తిడతారు, గమ్మునుంటా" అంది. ఆమెకు సంత వదలమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం నిషేధించినప్పుడు, ఎవరి పరిచయమూ సిఫారసూ లేకుండా తమ ఆటాపాటా నలుగురికీ చూపించుకున్న పల్లె ఆడవాళ్లకు ఒక్క రాత్రిలో వేదిక పోయింది. వాళ్ల దుఃఖం మనలో ఎంతమంది పట్టించుకున్నాం?

ఇంకొకటి. 2018 అక్టోబరులో గాయని చిన్మయి తనకు జరిగినదాన్ని బయటపెట్టింది ట్విట్టర్‌లోనే. అదే ఒక చిన్న గ్రూపులో చెప్పుకుని ఊరుకుంటే, పదిమంది ఓదార్చి ఉండేవాళ్లు. అన్యాయం చేసినవాడికి మాత్రం ఏమీ అయ్యేది కాదు. ఓదార్పుకు అరుగు చాలు, నిలదీయడానికి బజారు కావాలి. పెద్ద వేదికను మంచి మనుషులంతా ఖాళీ చేసి వచ్చేస్తే అక్కడ మిగిలేది ఎవరు? ఆ అమ్మాయి ఫోటో మీద రాసినవాడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఖాతా మూసుకున్నది ఆ పిల్ల!

అందుకే వెళ్లేవాళ్లు వెళ్లండి, కానీ ఫిర్యాదు చేసి వెళ్లండి అంటాను. ఫోటో మార్చినా, పేరు వాడుకున్నా, 2021 నాటి ఐటీ నిబంధనల కిందే ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని కంపెనీలకు బాధ్యత పెట్టారు. కేంద్రం సైబర్ నేరాల పోర్టల్‌లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే వాటికి వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా రాయవచ్చు. ఫోను చేయాలంటే 1930. ఒక ఆడమనిషిని ఇంటర్నెట్‌లో వెంటాడడం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ కింద నేరం. ఖాతా మూసే ముందు ఆ రాతల్ని తెరమీద ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీసి పెట్టుకోండి. మూసేశాక ఏడ్చినా దొరకవు.

కొత్తగా గ్రూపు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. అడ్మిన్ అయితే వేరేవాళ్లు రాసినదానికి జైలుకు పోవాలేమోనని చాలామంది భయపడుతున్నారు. కేరళ హైకోర్టు 2022లో సభ్యులు పెట్టినదానికి, వేరే తప్పేమీ లేకుండా, నిర్వాహకుడిని బాధ్యుడిని చేయలేమంది. ఆ భయం కంటే మీరు పడవలసిన భయం ఇంకొకటుంది. చిన్న చోట్లు పుట్టినంత తేలిగ్గా పోతాయి. 'రచ్చబండ' అని తెలుగు సాహిత్యం గురించి మాట్లాడుకునే గుంపు ఒకటి యాహూలో ఏళ్ల తరబడి సాగింది. అలాంటి గుంపుల్లో దాచిన పాత మాటలన్నీ 2019 చివర్లో తుడిచేస్తామని యాహూ చెప్పింది, 2020 డిసెంబరు 15న ఆ గుంపులే మూతపడ్డాయి. మన సొంతం అన్నట్టు తెలుగు భాషకు కూడా చోటిచ్చిన కూ యాప్ 2020లో వచ్చి 2024 జూలైలో మూసుకుంది. కాబట్టి గ్రూపులో మీ అమ్మమ్మ చెప్పిన పచ్చడి కొలతలుంటే, ఎవరో రాసిన మంచి ముక్క ఉంటే, ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. పొదుపు సంఘం పుస్తకం ఏ కంపెనీ మూసినా పోదు.

జమ్మలమడుగు అమ్మాయి మొన్న మళ్లీ ఫోను చేసింది. పద్నాలుగు మందీ కలిసి మళ్లీ గండికోటకు వెళ్లి వచ్చారట. ఫోటోలు దిగారు, గ్రూపులోనే పెట్టుకున్నారు. లోయ అంచుకు మాత్రం పోలేదట, "చూసేవాళ్లు మేమే కదక్కా, బండమీద నిలబడి ఎవరికి చూపించాల?" అంది. ఇప్పుడు వాళ్లకు కొత్త తగువు వచ్చిపడింది. తరగతిలో ఇంకో పిల్ల చేరతానంటోంది. మంచిదే. కానీ ఆమె ఫోను రోజూ రాత్రి వాళ్లన్న చూస్తాడు. చేర్చుకుంటే పద్నాలుగు మంది కబుర్లూ ఆ అన్న చదువుతాడు. చేర్చుకోకపోతే ఆ పిల్లకు మాట్లాడేందుకు ఎవరూ లేరు. ఏడుగురు సరే అన్నారు, ఏడుగురు వద్దన్నారు. "మీరేమంటారక్కా?" అని అడిగింది. నాలుగు రోజులు టైమివ్వమన్నాను.